విడిగా వచ్చేసి 19 రోజులైంది. డివోర్స్ కోచ్ అంటే ఏం చేస్తారు? ఎవరైనా మాట్లాడారా?

పెన్నగట్టు | సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం వైపు. పెళ్ళయి 8 ఏళ్ళు. ఆయన ఉద్యోగం ఒంగోల్లో. 19 రోజుల కిందట బాబుని తీసుకుని అమ్మావాళ్ళింటికి వచ్చేశాను. వాడికి ఆరేళ్ళు. కొట్టడం, తాగడం లాంటివి లేవు. మూడేళ్ళుగా ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. జీతం ఎంతో, అప్పు ఎంతో నాకు చెప్పరు. ఏ చిన్న విషయమైనా వాళ్ళమ్మగారి దగ్గరే తీర్పు. ఇంక ఊపిరాడక వచ్చేశాను. విడాకులే కావాలా అంటే ఇంకా తెలీదు.

ఇక్కడికొచ్చాక ఇంకో నలుగులాట. అన్నయ్య "రేపే లాయరు దగ్గరికి పోదాం, కేసు వేసేద్దాం" అంటాడు. అమ్మ "మొగుడూ పెళ్ళాలన్నాక మాటా మాటా రాదా? బడి తెరిచేలోగా పోయి సర్దుకో" అంటుంది. పెదనాన్న ఈ ఆదివారం పెద్దమనుషుల్ని కూర్చోబెడతానని ఆయనవాళ్ళకి ఫోన్ కూడా చేసేశాడు. రాత్రి పదకొండు దాటితే ఆయన మెసేజ్‌లు మొదలు. "నువ్వే వదిలేసి పోయావు, కోర్టులో తప్పు నీదే అవుద్ది" అని. ఒక రాత్రి నేనూ రెండింటిదాకా కూర్చుని జవాబులు రాశాను. పొద్దున చదువుకుంటే అవి నేను రాసినవేనా అనిపించింది.

హైదరాబాదులో ఉండే మా పిన్ని కూతురు డివోర్స్ కోచ్ అని ఒకావిడ నంబరు ఇచ్చింది. వీడియో కాల్‌లో గంటకి 2,000 రూపాయలట. ఆవిడ లాయరు కాదు, డాక్టరూ కాదు. మరి దేనికి డబ్బు కట్టాలి? చేతిలో ఉన్నది తక్కువ, అందుకే అడుగుతున్నాను.

తుమ్మలపెంట_గాలి | సోమవారం, రాత్రి 11:35

చెల్లీ, మాది కావలి. రెండేళ్ళ కిందట సరిగ్గా నీ స్థితిలోనే ఉన్నాను. నేను బెంగళూరులో ఒక కోచ్‌తో మాట్లాడాను. మూడు నెలల్లో ఆరుసార్లు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తా, నువ్వే నిర్ణయించుకో.

మొదటి రోజు ఇరవై నిమిషాలు ఏడుస్తూ ఆయన మీద చెప్పుకుపోయాను. ఆవిడ అడ్డుపడలేదు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయమంది. ఎడమ పక్క పదిహేను రోజుల్లో తేలకపోతే నష్టం జరిగేవి రాయాలి, కుడి పక్క తేలకపోయినా ఏమీ కానివి. నేను అన్నీ ఎడమ పక్కే రాసేశాను. విడాకులు, ఇల్లు, బంగారం, పాప ఎవరి దగ్గర ఉండాలి, ఆడబిడ్డ పెళ్ళికి పోవాలా వద్దా. ఆవిడ ఒక్కోదాని దగ్గర ఆగి "ఇది పదిహేను రోజుల్లో తేలకపోతే ఏమవుతుంది?" అని అడిగింది. నేను చెప్పబోయి ఆగిపోయేదాన్ని. చివరికి ఎడమ పక్క మూడే మిగిలాయి. పాప స్కూలు ఫీజు, నెల గడవడానికి నా చేతిలో డబ్బు, ఆ ఇంట్లో ఉండిపోయిన నా డిగ్రీ సర్టిఫికెట్లు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

రెండో విషయం మెసేజ్‌లు. ఆయన పంపినదానికి జవాబు ఫోన్‌లో విడిగా రాసుకోమంది. పంపకూడదు. పొద్దున స్నానం చేసి, కాఫీ తాగాక తీసి చదవాలి. పాప గురించో డబ్బు గురించో ఉన్న వాక్యం ఉంచి మిగతాది కొట్టేయాలి. ఒక రాత్రి పన్నెండు వరసలు రాశాను. పొద్దునకి మిగిలింది ఇది: "పాపకి జ్వరం తగ్గింది. ఫీజు 10వ తేదీలోగా కట్టాలి, నువ్వు ఎంత కడతావో చెప్పు." అంతే పంపాను. గంటలో జవాబొచ్చింది, తిట్టు లేకుండా.

విడాకులు తీసుకో అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. వద్దు అని కూడా అనలేదు.

పొదిలి_పెద్దాయన | మంగళవారం, ఉదయం 6:20

అమ్మాయ్, పెద్దవాడిగా ఒక మాట. నేను మా ఊళ్ళో ఇట్టాంటి పంచాయితీలు చాలా చూశాను, కూర్చున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి గంటకి రెండు వేలిచ్చి సంసారం సంగతి చెప్పుకోవడం నాకు మింగుడు పడలేదు. మీ పెదనాన్న నీ మంచి కోరే మనిషి. పదిమందిలో మాట్లాడుకుంటే అవతలివాళ్ళకి కూడా భయం, బాధ్యత ఉంటాయి. అట్టా కలిసిపోయిన సంసారాలు నాకు తెలుసు.

దర్గామిట్ట_నీడ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను నెల్లూరులో కౌన్సెలర్‌ని. ఈ కోచ్ అనే పని అమెరికాలో మొదలైంది. 1990లో మినియాపొలిస్‌లో స్టూ వెబ్ అనే లాయరు కోర్టుకెక్కకుండా ఇద్దరూ కూర్చుని తేల్చుకునే పద్ధతి ఒకటి ప్రారంభించారు. లెక్కలకి ఒకరు, పిల్లల విషయానికి ఒకరు, మనసు కుదుటపరచడానికి ఒకరు, ఇలా ఆ పద్ధతిలో క్రమంగా వేరువేరు మనుషులు చేరారు. 2013 నాటికి అమెరికన్ బార్ అసోసియేషన్ డివోర్స్ కోచింగ్‌ని వివాద పరిష్కార మార్గాల్లో ఒకటిగా గుర్తించింది.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. లాయరుకి బార్ కౌన్సిల్ ఉంది. కోచ్‌కి అలాంటిదేమీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే పెన్నగట్టు గారూ, మొదటి ఫోన్‌లోనే అడగండి. ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతమందితో పనిచేశారు, ఫలానా లాయరు దగ్గరికే పొమ్మంటారా. "మీకు ఇంత భరణం ఇప్పిస్తాను", "బాబు మీకే వచ్చేలా చూస్తాను" అని ఎవరైనా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఒకేసారి పది సెషన్లకి డబ్బు కట్టమన్నా వద్దు.

కౌన్సెలర్‌కీ కోచ్‌కీ తేడా ఏంటంటే, నా దగ్గరికొస్తే మీ దిగులు ఎక్కడినుంచి వస్తుందో చూస్తాం. పాతవి తవ్వుతాం. కోచ్ ఈ వారం గురించి మాట్లాడతారు. ఎవరితో ఏం మాట్లాడాలి, ఏ కాగితం ఎక్కడుంది, ఏ నిర్ణయం ఎప్పుడు. విడిపోయిన మొదటి రెండు మూడు నెలలు మనిషికి నిద్ర ఉండదు, తిండి సరిగ్గా ఉండదు, చిన్న లెక్క కూడా తప్పుతుంది. సరిగ్గా అప్పుడే జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ వచ్చి మీద పడతాయి. ఆ సమయంలో పక్కన నిదానంగా ఉన్న మనిషి ఒకరు కావాలి. కోచ్ చేసేది అదే.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, మీకోసం కాకపోయినా ఇది చదివే వాళ్ళకోసం. ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉంటే కోచ్ దగ్గర మొదలుపెట్టకూడదు. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది, అక్కడ ఉండటానికి చోటు, వైద్యం, పోలీసు సాయం, లాయరు సాయం ఒకే చోట ఇప్పిస్తారు. చచ్చిపోవాలనిపిస్తే, ఆ ఆలోచన ఒక్కసారే వచ్చినా సరే, టెలీ మానస్ 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

లాయర్‌పేట_వకీలు | మంగళవారం, రాత్రి 9:05

ఒంగోల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. కేసు కాగితాలు చూడకుండా సలహా ఇవ్వకూడదు కాబట్టి అందరికీ వర్తించే మాటలే చెప్తాను.

ముందు ఆ మెసేజ్ గురించి. 19 రోజులు పుట్టింట్లో ఉంటే అది "వదిలేసి పోవడం" అవదమ్మా. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం వదిలేయడం అనే కారణం మీద విడాకులు అడగాలంటే కనీసం రెండేళ్ళు ఎడతెగకుండా, సరైన కారణం లేకుండా దూరంగా ఉండాలి. కాబట్టి ఆ భయంతో పరుగెత్తి వెనక్కి పోనక్కర్లేదు. ఆ కోపంతో కేసు వేయనూ అక్కర్లేదు.

ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకోవాలన్నా ఏడాది విడిగా ఉన్నాకే అదే చట్టంలోని 13బి సెక్షన్ కింద పిటిషన్ వేయగలరు. తర్వాత ఆరు నెలల గడువు. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, తగిన పరిస్థితులుంటే ఆ ఆరు నెలలు మినహాయించవచ్చని చెప్పింది. అంటే మీకు ఎలా చూసినా ఆలోచించుకోవడానికి సమయం ఉంది. మీరు ఏ తేదీన ఇల్లు విడిచి వచ్చారో మాత్రం రాసి పెట్టుకోండి. నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి ఆ తేదీ గుర్తుండదు, "సంక్రాంతి అయ్యాక ఎప్పుడో" అంటారు.

ఖర్చులకి ఇబ్బంది అయితే విడాకుల కేసు లేకుండానే భరణం అడగవచ్చు. ఇదివరకు సీఆర్‌పీసీ 125వ సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్. 2020లో సుప్రీంకోర్టు రజనీష్–నేహా తీర్పు ఇచ్చాక భరణం కేసులో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి ప్రమాణపత్రంలో రాసివ్వాలి. జీతం ఎంతో చెప్పని మనిషి అక్కడ చెప్పక తప్పదు. కేసు వేయాల్సి వస్తే ఒంగోలు దాకా తిరగక్కర్లేదు, మీరుంటున్న నెల్లూరులోనే వేసుకునే వీలు చట్టంలో ఉంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఫోన్ 15100.

ఇక ఆదివారం పంచాయితీ. పోవచ్చు, తప్పు లేదు. కానీ అక్కడ స్టాంపు కాగితం మీదగానీ తెల్లకాగితం మీదగానీ ఏ సంతకమూ పెట్టొద్దు. పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితం, మీ కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప చెల్లదు. అలాంటి కాగితం నమ్మి మళ్ళీ పెళ్ళి చేసుకుని చిక్కుల్లో పడ్డవాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

కోచ్ విషయంలో ఒక జాగ్రత్త. మీరు మీ లాయరుకి చెప్పుకున్నదానికి చట్టం రక్షణ ఇస్తుంది, బయటపెట్టమని లాయర్ని బలవంతం చేయలేరు. కోచ్‌కి చెప్పినదానికి ఆ రక్షణ లేదు. ఆస్తుల వివరాలు, ఎవరికీ తెలియని విషయాలు ఆమెకి వాట్సాప్‌లో రాసి పంపకండి. అది తప్ప, కోచ్ దగ్గర మాట్లాడి వచ్చిన మనిషికీ నేరుగా వచ్చిన మనిషికీ తేడా నేను కళ్ళారా చూశాను. ఒకామె ఒక్క పేజీలో తేదీలవారీగా రాసుకుని తెచ్చింది. నాకు పావుగంటలో విషయం అర్థమైంది. ఏం కావాలని అడిగితే తడుముకోకుండా చెప్పింది.

చీమకుర్తి_నల్లరాయి | మంగళవారం, రాత్రి 11:40

నేను మగవాణ్ణి, అవతలి పక్క నుంచి రాస్తున్నా. క్వారీలో పని. నా భార్య పాపని తీసుకుని పుట్టింటికి పోయినప్పుడు మొదటి నెల నాకు మతి లేదు. రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. తిట్టేవాణ్ణి, కాసేపటికి బతిమాలేవాణ్ణి, మళ్ళీ తిట్టేవాణ్ణి. ఒక్క రాత్రి నలభై మెసేజ్‌లు. ఏడాది తర్వాత అవన్నీ తెల్లకాగితాల మీద ప్రింటు తీసి కేసులో పెట్టారు. జడ్జిగారి ముందు వాళ్ళ లాయరు ఒక్కోటి చదువుతుంటే మా నాన్న వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నాడు. ఆ పొద్దు నేను పడిన బాధ ఎవరికీ రాకూడదు.

నాకు కోచ్ అంటే ఏంటో తెలీదు. మా ఊళ్ళో రిటైరైన హెడ్‌మాస్టరు గారు ఒకాయన ఉంటే, సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆయన ఒకటే అడిగేవాడు, "నీ కూతురు పెద్దదై ఇది చదివితే ఏమనుకుంటుంది రా?" అని. అప్పటికే ఆలస్యమైపోయింది. మొదటి వారమే ఆయన దగ్గరికి పోయి ఉంటే బాగుండేది.

మగవాళ్ళకి కూడా ఇది అవసరం. మా స్నేహితులు మందు తాగించారు, రెచ్చగొట్టారు. నిదానంగా కూర్చోబెట్టి మాట్లాడింది ఆయనొక్కడే. చెల్లెమ్మా, మీ ఆయనకి కూడా అట్టాంటి మనిషి ఎవరైనా ఉంటే మేలు.

పెన్నగట్టు | బుధవారం, ఉదయం 5:55

అందరూ ఇంతసేపు నాకోసం రాశారు. తెల్లారుజామున లేచి మొత్తం రెండుసార్లు చదివాను. చీమకుర్తి అన్నా, మీది చదివి ఏడుపొచ్చింది. నేను రాసిన మెసేజ్‌లు కూడా అలాగే ఉన్నాయి.

అక్క చెప్పినట్టు కాగితం మీద గీత గీశాను. ఎడమ పక్క నాలుగు మిగిలాయి. బాబుని ఏ బడిలో వేయాలి. నా బ్యాంకు ఖాతాకి ఆయన ఫోన్ నంబరే ఉంది, ఓటీపీ ఆయనకే పోతుంది. నా బంగారం ఒంగోలు లాకర్లో ఉంది, లాకరు ఇద్దరి పేరు మీద. నాలుగోది, బాబు రోజూ "నాన్న ఎప్పుడొస్తాడు" అంటున్నాడు, ఏం చెప్పాలో తెలీడంలేదు.

గూడూరు_నిమ్మతోట | బుధవారం, ఉదయం 9:10

నేను బ్యాంకులో పనిచేస్తా అక్కా. ఫోన్ నంబరు పని ఈరోజే చేసేయండి. ముందు మీ ఆధార్‌కి ఏ నంబరు ఉందో చూసుకోండి, అదీ ఆయనదే అయితే ఆధార్ సెంటర్లో మార్పించండి. తర్వాత పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని బ్రాంచికి పోయి నంబరు మార్పు ఫారం ఇవ్వండి. ఆధార్, పాన్ ఆ ఇంట్లో ఉండిపోతే కంగారు పడొద్దు, రెండూ మళ్ళీ తీసుకోవచ్చు. మెయిల్ పాస్‌వర్డు మార్చండి. పాత ఫోన్ ఏదైనా ఆ ఇంట్లో వదిలి వచ్చారా? అందులో మీ వాట్సాప్, మెయిల్ తెరిచే ఉండొచ్చు, చూసుకోండి. నామినీ ఎవరో కూడా ఒకసారి చూడండి.

లాకరు విడిగా తెరవొచ్చా, ఇద్దరూ కలిసే తెరవాలా అన్నది అగ్రిమెంటులో ఉంటుంది. బంగారం వివరాలు, పెళ్ళి ఫొటోల్లో వేసుకున్నవి, షాపు బిల్లులు ఏమన్నా ఉంటే ఇప్పుడే ఒక జాబితా రాసుకోండి. రోజులు గడిచేకొద్దీ ఎన్ని సవర్ల గొలుసో కూడా మర్చిపోతాం.

లాయర్‌పేట_వకీలు | బుధవారం, మధ్యాహ్నం 2:00

నిమ్మతోట గారు చెప్పింది సరైన మాట. పుట్టింటివాళ్ళు పెట్టింది, అత్తింటివాళ్ళు మీకు పెట్టింది, అది మీ స్త్రీధనం. 1985లో ప్రతిభారాణి కేసులోనే సుప్రీంకోర్టు అది పూర్తిగా భార్య సొత్తేనని చెప్పింది. ఎవరికీ చెప్పకుండా పోయి లాకరు తెరవకండి, ముందు జాబితా రాసి ఒక లాయరుకి చూపించండి.

తుమ్మలపెంట_గాలి | బుధవారం, రాత్రి 10:20

బాబు సంగతి. నేను పాపకి మొదట "నాన్న ఊరెళ్ళాడు" అని అబద్ధం చెప్పాను. కోచ్ ఆవిడ అడిగింది, "ఊర్నుంచి ఎప్పుడొస్తాడని అడిగితే ఏం చెప్తావు?" అని. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఇద్దరం కలిసి పాపకి చెప్పాల్సిన మాట తయారుచేశాం. "అమ్మా నాన్నా కొన్నాళ్ళు వేరువేరు ఇళ్ళలో ఉంటారు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నాన్నతో రోజూ ఫోన్లో మాట్లాడొచ్చు." ఇంతే. కారణాలు చెప్పలేదు, నాన్నని తిట్టలేదు. ఆ మాట నాతో నాలుగుసార్లు పైకి చెప్పించింది, ఎందుకంటే మొదటి మూడుసార్లూ మధ్యలో ఏడ్చేశాను. నాలుగోసారి చెప్పగలిగాక అప్పుడు పాప దగ్గరికి పొమ్మంది.

ఒక్కటి గుర్తుపెట్టుకో. పాప అదే ప్రశ్న ఆ వారంలో పదిసార్లు అడిగింది. పదిసార్లూ అవే మాటలు చెప్పాలి.

పొదిలి_పెద్దాయన | గురువారం, ఉదయం 6:40

అందరి రాతలూ చదివాను. నిన్న రాత్రి నాకు నేనే గుర్తు చేసుకున్నాను, నేను కూర్చున్న పంచాయితీల్లో అమ్మాయిని "నీకేం కావాలమ్మా" అని ఎన్నిసార్లు అడిగామా అని. ఆమె నాన్ననీ, అన్ననీ అడిగాం. ఆమె తలుపు పక్కన నిలబడేది. కలిపి పంపినవాళ్ళలో ఒకమ్మాయి మళ్ళీ మూడు నెలలకే వచ్చింది, అది కూడా చెప్పాలి.

అమ్మాయ్, మీ పెదనాన్నకి ఇట్టా చెప్పు. "పెదనాన్నా, నువ్వు నాకోసం నిలబడ్డావు, అది చాలు. ఇప్పుడు కూర్చుంటే నేను ఏడవడం తప్ప మాట్లాడలేను. నెల్లాళ్ళు ఆగు, ఏం అడగాలో నేను రాసుకుని నీకే ముందు చూపిస్తా." పెద్దవాడికి ముందు తనకే చూపిస్తానంటే గౌరవం దక్కినట్టే, ఒప్పుకుంటాడు.

పెన్నగట్టు | పదిహేను రోజుల తర్వాత, శనివారం, రాత్రి 9:30

ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

పెదనాన్నకి ఫోన్లో కాకుండా ఇంటికి పోయి చెప్పాను, పొదిలి బాబాయ్ గారి మాటలే దాదాపు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, వాళ్ళకి నేనే చెప్తాలే" అన్నాడు. ఆదివారం కూర్చోలేదు. ఆధార్‌లో, బ్యాంకులో నంబరు మారింది. బంగారం జాబితా పెళ్ళి ఆల్బం పక్కన పెట్టుకుని అమ్మా నేనూ రాశాం. అమ్మే గుర్తు చేసింది చాలావరకు. రాస్తూ రాస్తూ "ఈ గాజులు మీ అమ్మమ్మవి" అని ఆగిపోయింది. ఆ రోజు నుంచి పోయి సర్దుకో అనడం మానేసింది. ఈసారి మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర నాకోసం రొట్టె పట్టుకుంటానంది, అక్కడ ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె కదా. ఏ రొట్టె అని అడగలేదు నేను.

కోచ్ ఆవిడతో రెండుసార్లు మాట్లాడాను. నీడ గారు చెప్పిన ప్రశ్నలన్నీ మొదటే అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు, ఒక్కో గంటకి విడిగానే డబ్బు తీసుకున్నారు. రెండోసారి మొత్తం గంటా ఒకే మెసేజ్ మీద గడిచింది. ఆయనకి ఏం రాయాలి అని. పంపింది ఇది: "బాబు నిన్ను అడుగుతున్నాడు. ఆదివారం ఉదయం పదింటికి నెల్లూరు వస్తే సాయంత్రం ఐదు దాకా నీతో ఉంటాడు. మన విషయాలు ఆ రోజు మాట్లాడొద్దు. ఈ సంవత్సరం బడి గురించి వచ్చే వారం ఫోన్లో మాట్లాడదాం." రెండు రోజులు జవాబు లేదు. నేను మళ్ళీ రాయలేదు, కష్టంగానే ఉంది. మూడో రోజు "సరే, పినాకిని రైలుకి వస్తా" అని వచ్చింది.

విడాకులా, కాదా అన్నది కాగితంలో కుడి పక్కే ఉంది ఇంకా.

రేపే ఆదివారం. బాబు సాయంత్రం నుంచి తన బొమ్మల కారు సంచీలో పెడుతున్నాడు, తీస్తున్నాడు. అక్కా, వాణ్ణి స్టేషన్‌కి నేనే తీసుకుపోవాలా, అన్నయ్యతో పంపాలా? ఆయన్ని చూస్తే ఏమవుతుందో అని గుండె దడగా ఉంది.

తుమ్మలపెంట_గాలి | శనివారం, రాత్రి 9:50

నువ్వే తీసుకుపో చెల్లీ. మీ అన్నయ్య ఇప్పుడు కోపంలో ఉన్నాడు, వద్దు. స్టేషన్ బయటే నిలబడు, బాబుకి నీళ్ళసీసా, టోపీ ఇవ్వు, ఎండలు మండిపోతున్నాయి. "ఐదింటికి ఇక్కడే ఉంటా" అని ఒక్క మాట చెప్పి వచ్చేయ్. ఇంటికొచ్చాక నాకు ఇక్కడ రాయి, నేను మేలుకునే ఉంటా.